ఖాళీ గొట్టంలో చుట్టం

స్క్రీను మీద గీత ఒక్కసారిగా పైకి లేచింది.

"మేడమ్, చుట్టం వచ్చాడు!" అని అరిచింది కొత్తమ్మాయి.

గదిలో ఉన్నవాళ్ళందరూ స్క్రీను వైపు తిరిగారు. సందేహాలమ్మ మాత్రం ఆ పిల్ల ముఖం వైపు తిరిగింది.

ఆకాశం నుంచి పడ్డ రాళ్ళలో ప్రాణానికి కావలసిన సరుకులేమైనా ఉన్నాయేమో వెతకడం ఆ ల్యాబు పని. రాతిని నూరి, శుద్ధమైన నీళ్ళతో గాజు గొట్టంలో సీలు చేసి, ఒక పగలూ రాత్రీ ఉడకబెట్టి, ఆ నీళ్ళను యంత్రంలోకి ఎక్కిస్తారు. అందులో అమైనో ఆమ్లాలు ఉంటే ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి స్క్రీను మీద చిన్నా పెద్దా గుట్టలుగా కనిపిస్తాయి. వాటిలో చాలామటుకు మనిషి వేలిముద్రలోనూ తుమ్ములోనూ ఉండేవే. వాటిని అక్కడ 'ఇంటివాళ్ళు' అంటారు. ఇంటివాళ్ళు కనిపిస్తే ఎవరికీ సంతోషం ఉండదు. ఎవరి చెయ్యి తగిలిందా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. భూమ్మీది ప్రాణుల్లో దాదాపు కనపడనిది, ఇలాంటి రాళ్ళలో మాత్రం దొరికేది ఒకటుంది. దాని అసలు పేరు పలకాలంటే నోరు తిరగదు. అందుకని దానికి 'చుట్టం' అని పేరు పెట్టుకున్నారు.

రాతికి భూమి మైల అంటకుండా చూడడం సందేహాలమ్మ ఉద్యోగం. గాజు సామానంతా కొలిమిలో కాల్చి ఇవ్వాలి. నీళ్ళు, ఆమ్లాలు, గ్లవ్స్ అన్నీ ఆమె పరీక్షించాకే వాడాలి. అసలు పేరు తలుపు మీది పలక మీద ఉన్నా, ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు లేరు. ఎదురుగా మేడమ్, వెనకాల సందేహాలమ్మ. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు వినబడితే లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

"ఎంత పొడుగ్గా వచ్చిందో చూడండి మేడమ్," అంది కొత్తమ్మాయి. ఆ పిల్ల చేరి చాలా కాలమే అయింది గానీ, ఆ తర్వాత ఎవరూ చేరలేదు కాబట్టి ఇంకా కొత్తమ్మాయే.

"చూస్తున్నా. ఇంత పొడుగు నేనెప్పుడూ చూళ్ళేదు."

అది పొగడ్త కాదని కొత్తమ్మాయికి అర్థం కాలేదు. ఆనందంలో యంత్రం వీపు తట్టింది.

కబురు అందుకుని పెద్దాయన తన గదిలోంచి చెప్పులు టపటపలాడిస్తూ వచ్చాడు. ల్యాబుకి అధిపతి ఆయనే. స్క్రీను దగ్గరికి ముక్కు ఆనేంతగా వంగి, "ఇదీ రాయంటే!" అన్నాడు. "ఇటుకల బట్టీలో పడ్డ రాయికి ఇంత యోగమా! పత్రికలవాళ్ళకి ఈ వారమే చెప్పేద్దాం."

"రాతితో పాటు పెట్టిన ఖాళీ గొట్టం పగిలిపోయిందండీ," అంది సందేహాలమ్మ. ప్రతి రాతి గొట్టం పక్కనా రాయి లేని గొట్టం ఒకటి అదే నీళ్ళతో ఉడకాలి. అందులో ఏమీ రాకపోతేనే రాతిలో వచ్చింది రాతిదని నమ్మకం. ఈసారి ఓవెన్లోంచి తీస్తుంటే ఆ ఖాళీ గొట్టమే కొత్తమ్మాయి చేతిలో చిట్లింది.

"అంతకుముందు చేసిన ఖాళీది శుభ్రంగా ఉందిగా?"

"ఉంది. కానీ అది వేరే విడత..."

"మీరు మీ పెళ్ళినాడు కూడా తాళి మూడుసార్లు తూకం వేయించి ఉంటారు," అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. కొత్తమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వు సందేహాలమ్మ మనసులో ముల్లులా దిగబడింది.

అందరూ టీకి వెళ్ళాక ఆమె ఫ్రిజ్ తెరిచింది. యంత్రానికి గుర్తు పట్టడం నేర్పడానికి చుట్టాన్ని పొడి రూపంలో ఒక చిన్న సీసాలో ఉంచుతారు. ఆ సీసా చీటీ ఎప్పుడూ తలుపు వైపు ఉండేలా పెట్టడం ఆమె అలవాటు. ఇప్పుడు చీటీ గోడ వైపు తిరిగి ఉంది. ఆమె సీసా ముట్టుకోలేదు. ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా మూసింది.

ఆ క్షణం నుంచి ప్రతిదానికీ ఇంకో అర్థం కనిపించసాగింది. కొత్తమ్మాయి ఉద్యోగం తాత్కాలికం. గడువు దగ్గర పడుతోంది. ఒక గొప్ప ఫలితం వస్తే ఖాయం చేస్తారు. ఆ పిల్ల ఈమధ్య మాటిమాటికీ మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోనులో గుసగుసలాడుతోంది. ఎవరైనా వస్తే "మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తోంది. అన్నిటికీ మించి, గొట్టాలెన్నో ఉండగా ఖాళీదే ఎందుకు పగలాలి?

ఇంట్లో ఆమె భర్త కిటికీ పక్కన కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో పాత చేతిగడియారం విప్పుతున్నాడు. అదే ఆయన జీవనం. ఆడపడుచు పాలు కాచి గ్లాసులో పోసి ఇచ్చింది. సందేహాలమ్మ అలవాటుగా వాసన చూసింది.

"అన్నయ్యా, చూశావా? పాలు కూడా సాక్షులుంటే గానీ తాగదు మా వదిన," అంది ఆడపడుచు. తన చిన్నప్పటి నుంచీ వదినతో ఒకే ఇంట్లో ఉన్న చనువు ఆమెది.

"ఊరుకోవే. ఇవాళ మొహం చూస్తే ఎవరినో బోనెక్కించేలా ఉంది," అన్నాడాయన తలెత్తకుండానే. "భుజం ఎలా ఉంది? కుడి చెయ్యి లేస్తోందా?"

"లేస్తోంది. అదివరకటి కంటే నయం." ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "మా కొత్తమ్మాయి ఫలితంలో ఏదో మాయ చేసిందనిపిస్తోంది."

"అనిపిస్తోందా, తెలిసిందా?" అంది ఆడపడుచు.

"తెలుసుకుంటా."

మర్నాడు ఆమె అందరికంటే ముందే ల్యాబుకి చేరింది. పునాదుల్లో వాడే మామూలు నల్లరాతిని రోట్లో నూరింది. ఆ పొడిని అంతకుముందే ఎన్నో గంటలు ఎర్రగా కాలిన కొలిమిలో పెట్టింది. ఆ వేడికి ప్రాణానికి సంబంధించిన ఏ అణువూ మిగలదు, బూడిద కూడా కాకుండా పోతుంది. చల్లారాక పొడిని ఒక సీసాలోకి ఒంపి, ఆకాశపు రాతి చీటీ అంటించింది. రెండూ పక్కపక్కన పెడితే ఆమెకే తేడా తెలియలేదు. చీటీ మూలలు ఒకటికి రెండుసార్లు నొక్కింది. తన పని మైల కనిపెట్టడమే కదా అని సర్ది చెప్పుకుంది.

"రాతి రెండో ముక్క. ఇంకోసారి చేసి చూపించు," అని కొత్తమ్మాయి చేతికి ఇచ్చింది.

"ఖాళీ గొట్టం కూడా పెట్టనా మేడమ్?"

"అది నేను చూసుకుంటాలే."

కొత్తమ్మాయి ఒక్క క్షణం ఆగింది. ఏదో అడగబోయి మానేసి, సీసా తీసుకుని వెళ్ళింది. ఆ ఆగడాన్ని కూడా సందేహాలమ్మ తన లెక్కలో వేసుకుంది.

ఫలితం వచ్చే వేళకు ఆమె యంత్రం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఇంటివాళ్ళు వచ్చే చోట్లన్నీ గీత చదునుగా సాగిపోయింది. ఆమెకు కొంచెం ఊరటగా కూడా అనిపించింది. అంతలో చుట్టం వచ్చే చోట గీత లేచి, నిటారుగా నిలబడి, దిగింది.

"మళ్ళీ వచ్చింది మేడమ్!" అంది కొత్తమ్మాయి.

"వచ్చింది," అంది సందేహాలమ్మ. తిన్నగా పెద్దాయన గదికి నడిచి, తలుపు వేసి, జరిగింది చెప్పింది.

పెద్దాయన మొహంలో రంగులు మారాయి. అప్పటికే పత్రికలవాళ్ళకి కబురు పంపేశాడు. ఇప్పుడది వెనక్కి తీసుకోవాలి, తీసుకోవడానికి ఒక కారణం చూపించాలి. ఆ కారణం మెడలో కార్డు వేసుకుని బయటే తిరుగుతోంది.

టీ బల్ల చుట్టూ అందరూ ఉండగానే ఆయన వచ్చి నిలబడ్డాడు. "కోటూ కార్డూ ఇక్కడ పెట్టమ్మా. రేపటి నుంచి రానక్కర్లేదు. మేడమ్ నీకిచ్చింది కాల్చిన నల్లరాయి. అందులో చుట్టం ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో నువ్వే ఆలోచించుకో."

చేతుల్లో కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గొట్టాలు ఊది చేసే గాజుపని ఆయన ఒక్కడే గొణిగాడు, "కొంచెం నిదానంగా చూద్దాం సారూ." ఎవరూ అందుకోలేదు.

కొత్తమ్మాయి కోటు విప్పింది. పై గుండీ చిక్కుకుంటే ఆత్రపడకుండా తీసుకుంది. కోటు మడిచి, మీద కార్డు పెట్టి, పెద్దాయన వైపు కాక సందేహాలమ్మ వైపు చూసింది.

"ఖాళీదని తెలిసే ఇచ్చారా మేడమ్?"

"అవును."

"ఖాళీదాంట్లో వచ్చిందంటే నేను కలిపాననేనా? ఇంకేదీ చూడలేదా?"

కొత్తమ్మాయి కుర్చీ జరిపి, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె జరిగింది చెప్పింది. అబద్ధాన్ని పట్టుకున్నానన్న తృప్తి గొంతులో తెచ్చుకోవాలని చూసింది గానీ రాలేదు.

"ఏడ్చిందా?" అని అడిగింది ఆడపడుచు.

"లేదు."

"అరిచిందా?"

"లేదు. ఇంకేదీ చూడలేదా అని అడిగింది."

"చూశావా మరి?"

భర్త భూతద్దం తీసి ఆమె వైపు చూశాడు. మళ్ళీ గడియారం మీదికి వంగాడు. ఎవరైనా ఏదో ఒకటి అంటే ఎదురు చెప్పడానికి సిద్ధంగా ఉన్న ఆమెకు ఆ చూపుతో ఏం చేయాలో తోచలేదు.

మర్నాడు ఎవరితోనూ చెప్పకుండా మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారీ నల్లరాతి పొడే, అది నూరి కాల్చింది ఆమే, గొట్టం ఆమె కాల్చిందే, నీళ్ళు పోసిందీ సీలు చేసిందీ యంత్రంలోకి ఎక్కించిందీ ఆమే. కొత్తమ్మాయి నీడ కూడా పడలేదు. స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఇంటివాళ్ళ చోట్లన్నీ చదునుగా ఉన్నాయి. చుట్టం మాత్రం ఠంచనుగా తన చోటికి వచ్చి నిలబడ్డాడు.

ముందు యంత్రాన్ని అనుమానించింది. శుభ్రం చేసి మళ్ళీ నడిపింది. వచ్చాడు. గొట్టాన్ని అనుమానించింది. మార్చింది. వచ్చాడు. ఆమ్లం సీసా మార్చింది. వచ్చాడు. చివరికి మిగిలింది నీళ్ళ ఫ్లాస్కు. ఆమె స్వయంగా పరీక్షించి సంతకం పెట్టి బల్ల మీద ఉంచిన పెద్ద ఫ్లాస్కు అది. దాన్ని పక్కకి జరిపి కొత్త ఫ్లాస్కు మూత విప్పింది. మర్నాడు గీత ఈ చివర నుంచి ఆ చివరకి ఇస్త్రీ చేసినట్టు సాగిపోయింది.

ఆ ఫ్లాస్కు ముందు ఆమె చాలాసేపు నిలబడింది. దాని మూత తొలిసారి విప్పిన రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజు కుడి భుజం పట్టేసింది. యంత్రానికి నేర్పే ద్రావణం కలపడానికి ఫ్రిజ్‌లోంచి చుట్టం సీసా ఎడం చేత్తో తీసింది, ఎడం చేత్తోనే తిరిగి పెట్టింది. చీటీ ఎటు తిరిగిందో చూసుకోలేదు. నీళ్ళు ఎప్పుడూ ఫ్లాస్కు ఎత్తి ఒంపుకోవాలి, లోపల ఏదీ ముంచకూడదు. ఆ నియమం గోడ మీద రాసి అంటించింది కూడా ఆమే. కానీ ఆ రోజు నిండు ఫ్లాస్కు ఎత్తలేకపోయింది. ద్రావణం కొలుస్తున్న పిపెట్‌నే, ఒక్కసారికేలే అనుకుని, నీళ్ళలో ముంచింది. ఆ సంగతి ఆమె దాచిపెట్టలేదు. తన చేతిని అనుమానించే అలవాటు లేక, అసలు గుర్తే పెట్టుకోలేదు.

ఆమె గదికి వెళ్ళి చెప్పిందంతా పెద్దాయన విన్నాడు. బల్ల మీది పేపర్‌వెయిట్‌ను గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ. ముందు మీకే."

"చెప్పకండి. ఒకరు తప్పు చేశారు, పంపించేశాం. ఊరుకుంటారు అందరూ. ఇప్పుడు మా నీళ్ళే మైలవి, అదీ మైల చూసే మనిషే చేసింది అంటే ఇక మన మాట ఎవడు నమ్ముతాడు? ఆ పిల్ల చిన్నది, ఎక్కడో అక్కడ కుదురుకుంటుంది. మీరు ఈ వయసులో ఎక్కడికి పోతారు?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే ఆమె మేలు కోరుతున్నట్టు ఉంది. అందుకే ఆమెకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

కొత్తమ్మాయి ఉండేది మూడంతస్తుల పాత భవనంలో, పై వాటాలో. తలుపు తీసింది ఆ పిల్ల అత్తగారు. గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది.

"ఎవరు కావాలి?"

"నేను ల్యాబు నుంచి..."

"మా కోడల్ని దొంగ అన్నది మీరేనా?"

"ఆ మాట అనలేదండీ."

"అనకుండానే అనిపించారు కదా! అదింకా నేర్పు." ఆమె లోపలికి తిరిగి, "అమ్మాయ్, మీ మేడమ్ వచ్చింది. రానివ్వనా, పొమ్మననా?" అని కేకేసింది.

లోపల నీళ్ళ కుళాయి ఆగింది. కాసేపటికి గొలుసు జారింది.

కొత్తమ్మాయి తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ ఎదురుగా నిలబడింది. కూర్చోమనలేదు. సందేహాలమ్మ నిలబడే చెప్పింది: ఫ్లాస్కు, పిపెట్, భుజం, చీటీ తిరిగిన సీసా. ఏదీ తగ్గించలేదు. కొత్తమ్మాయి మధ్యలో ఒక్కటే అడిగింది.

"కొత్త నీళ్ళతో ఖాళీది చదునుగా వచ్చిందా?"

"వచ్చింది."

"ఎన్నిసార్లు చేశారు?"

"ఒక్కసారే."

"ఒక్కసారి చాలదు మేడమ్."

"చాలదు," అని ఒప్పుకుంది సందేహాలమ్మ. "మెట్ల దగ్గర ఫోన్లు... అవి కూడా నేను వేరేగా అనుకున్నాను."

కొత్తమ్మాయికి నవ్వొచ్చింది, సంతోషంతో వచ్చిన నవ్వు కాదు. "వేరే ఉద్యోగం అడుగుతుండేదాన్ని. మంచినీళ్ళు పరీక్షించే చోట. అది దొరికింది కూడా. మీ దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ తప్పు పట్టుకుంటారో అని బిక్కుబిక్కుమంటూ పని చేయలేక. చుట్టం వస్తే నాకు ఉద్యోగం ఖాయమవుతుందని చేశాననుకున్నారు కదా? ఆ ఉద్యోగమే నాకక్కర్లేదు."

అత్తగారు గుమ్మంలో చేతులు కట్టుకుని వింటోంది. "ఇప్పుడు దేనికొచ్చినట్టు? క్షమించమనా?"

"క్షమించమని అడగడానికే వచ్చాను. ఇంకోటి కూడా. రాతి ముక్క ఇంకొంచెం మిగిలింది. అందులో నిజంగా ఏముందో ఇంకా ఎవరికీ తెలీదు."

కొత్తమ్మాయి తువ్వాలు మడిచి కుర్చీ వీపు మీద వేసింది. "ఇక్కడ మా అత్తయ్య ముందు చెప్పి ఏం లాభం? ఆవిడ ముందే నమ్మింది నన్ను. ఎక్కడ నా కోటు విప్పించారో అక్కడ చెప్పండి. నేనొచ్చి వింటాను. ఆ తర్వాత రాతి సంగతి."

మర్నాడు టీ వేళకు కొత్తమ్మాయి వచ్చి బల్ల చివర కూర్చుంది. గాజుపని ఆయన అడక్కుండానే ఒక కప్పు ఆమె ముందుకు జరిపాడు. పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. సందేహాలమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు.

సందేహాలమ్మ లేచి నిలబడింది. "చుట్టాన్ని నీళ్ళలో కలిపింది నేను," అంది. అది సరిపోదని మళ్ళీ మొదలుపెట్టింది. "నీళ్ళలో పిపెట్ ముంచింది నేను. ఆ నీళ్ళే ఈ అమ్మాయి వాడింది. నేను నా చెయ్యి చూసుకోకుండా ఈ అమ్మాయి చేతిని అనుమానించాను. పనిగట్టుకుని ఉచ్చు బిగించాను. ఆ ఉచ్చులో పడింది ఈ అమ్మాయి, పడాల్సింది నేను."

ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఇక పనులు చూసుకోండి," అని పెద్దాయన వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటాక ఆగి, ఎవరి వైపూ చూడకుండా, "కోటు స్టోర్లో ఉంది. తీసుకోమనండి," అన్నాడు. ఆయన అంతకుమించి ఏమీ అనలేదు, ఆ రోజూ ఆ తర్వాతా.

వాళ్ళిద్దరూ రాతి చివరి ముక్కను నూరారు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూశారు. కొత్తమ్మాయి మొహమాటపడలేదు. "ఆ గ్లవ్ మార్చండి మేడమ్, ఇందాక తలుపు ముట్టుకున్నారు," అంది. సందేహాలమ్మ మార్చింది. "ఆ ఫ్లాస్కు నేనెత్తుతాను," అంది. సందేహాలమ్మ తప్పుకుంది. రాతి గొట్టం ఒకటైతే, ఖాళీ గొట్టాలు రెండు పెట్టారు. ఓవెన్లోంచి తీసేటప్పుడు ఏదీ పగల్లేదు.

ముందు ఖాళీవి నడిపారు. స్క్రీను మీద గీత ఎక్కడా తల ఎత్తకుండా సాగింది. చుట్టం వచ్చే చోటు దగ్గర పడేసరికి ఇద్దరూ స్క్రీను మీదికి వంగారు. గీత ఆ చోటు దాటి పోయింది. ఏమీ రానందుకు సందేహాలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ఖాళీదీ అంతే.

తర్వాత రాతిది. ఇంటివాళ్ళు కొద్దిగా ఉన్నారు. ఒక్కో అమైనో ఆమ్లం మన రెండు చేతుల్లా ఎడమ, కుడి అని రెండు రూపాల్లో ఉంటుంది; ఇక్కడ ఆ రెండిటి గుట్టలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. భూమ్మీది ప్రాణులన్నిటిలోనూ దాదాపు ఎడమదే దొరుకుతుంది. ఏ చేతి మైలా ఇలా రెండూ సరిసమానంగా అంటించలేదు. ఆపైన చుట్టం చోట గీత కొంచెం కదిలింది. మొదట చూసిన నిటారు కొండ కాదు. చిన్న తిన్నె. కన్ను ఆనించి చూస్తే గానీ కనపడనంత చిన్నది, అయినా ఉంది.

"ఇది రాతిదే అయ్యుంటుంది," అంది కొత్తమ్మాయి మెల్లగా.

"అయ్యుంటుంది."

"ఇంకో ల్యాబుకి పంపండి. మనల్ని ఎరగనివాళ్ళు చూడనీండి."

"పంపుతా. నువ్వు మళ్ళీ..." సందేహాలమ్మ ఆగింది.

"రాను మేడమ్. నీళ్ళ ఉద్యోగంలో చేరుతున్నాను. ఈ రాతి సంగతి ఎలా తేలిందో మాత్రం చెప్పండి."

ఇద్దరూ శుభ్రపు గదిలోంచి బయటికి వచ్చారు. సందేహాలమ్మ గ్లవ్స్ తీసి, వట్టి చెయ్యి ముందుకు చాచింది. చెమటకి తడిసి ముడతలు పడిన చెయ్యి. కొత్తమ్మాయి కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత తన కుడి చేతి గ్లవ్‌ను ఒక్కొక్క వేలూ లాగి తీయడం మొదలుపెట్టింది. తొందరేమీ పడలేదు. సందేహాలమ్మ చెయ్యి చాచే ఉంచింది.